గాజులు తీసిన చెయ్యి

‘ఏడింటి చుక్క’ నవల – పదకొండో భాగం

పోయినవారం జోజమ్మ కొత్తగూడెంలో మణుగూరు బస్సు ఎక్కడం దాకా వచ్చాం. కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. భర్త జస్టిన్‌తో రెండు రోజుల్లో వస్తానని చెప్పింది. చేతిసంచిలో తన చుక్కలమందు సీసా పెట్టుకుంది. ఆ ప్రయాణానికి కారణం ఒక అద్దం. తమ్ముడు ఆంథోని మణుగూరు నుంచి అడవి లోపలి ఊళ్ళకు జీపు తిప్పుతాడు. ఆ జీపు ఎడమవైపు అద్దం ఏడాది కాలంలో మూడోసారి పగిలింది. మూడుసార్లూ తప్పు చెట్టుదేనని ఆంథోని అందరికీ చెప్పాడు.

చెట్టు సంగతి జోజమ్మ నమ్మలేదు. ఆరేళ్ళ కిందట చర్చి ఆవరణలో పెట్టిన కంటి పరీక్షల్లో ఆమెకు గ్లకోమా బయటపడింది. పాతవాళ్ళు నీటికాసులు అనే జబ్బు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపును మోసే నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంటుంది, పక్కచూపు మాత్రం చెప్పకుండా తగ్గిపోతుంది. ఖమ్మం నుంచి వచ్చిన డాక్టరు ఆ రోజే అడిగింది, ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు, మీకు తోబుట్టువులు ఉన్నారా అని. ఉన్నది ఒక్క తమ్ముడు. ఆరేళ్ళుగా ఆమె కంటి పరీక్షకు రమ్మంటూనే ఉంది. ఆరేళ్ళుగా అతనికి ఆ వారం తీరిక దొరకడం లేదు.

మణుగూరు జీపుల అడ్డా దగ్గర అక్కను చూసి ఆంథోని నోట్లోని బీడీ కింద పడేశాడు.

"అక్కా! చెప్పకుండ వచ్చినవేంది?"

"చెప్తే నువ్వు దొరకవు గద," అంటూ జోజమ్మ జీపు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమవైపు మడ్‌గార్డు సొట్టలు పడి ఉంది. కుడివైపు మాత్రం కొత్త బండిలా నున్నగా మెరుస్తోంది. "అడివిల చెట్లన్నీ ఒక్క దిక్కే మొలుస్తున్నయారా?"

"ఎండల వచ్చినవు. ముందు ఇంటికి పో. నీ మరదలు ఫ్లోరెన్స్ చేపల కూర వండింది. నేను సంత జనాన్ని దింపి జల్దీ వస్త."

"చేపలు యాడికి పోవు. నేను గుడ వస్త." అని ముందు సీటులో, అతనికి ఎడమపక్కన ఎక్కి కూర్చుంది.

అది ఏప్రిల్ నెల, సంతరోజు. వెనక పదిమంది ఇరుక్కుని కూర్చున్నారు. ఒళ్ళో ఉప్పు బస్తా పెట్టుకుని ముసలి బొజ్జయ్య, ఎండుచేపల గంపతో పూలి, వాళ్ళ ఊరివాళ్ళు. వెనక తలుపు దగ్గర ఆంథోని కూతురు ఆరాధన కడ్డీ పట్టుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. డిగ్రీ పరీక్షలు అయిపోయినప్పటి నుంచి రోజూ తండ్రితో జీపులో తిరుగుతోంది. ఎందుకమ్మా అని అత్త అడిగితే, "అడివి చూస్తానికి అత్తా" అని నవ్వింది.

ఊరు దాటి మట్టిబాట ఎక్కాక జోజమ్మ ఒకటి గమనించింది. ప్రతి మలుపులో వెనకనుంచి ఆరాధన గొంతు వినపడుతోంది. "డాడీ, లెఫ్ట్‌ల ఎడ్లబండి." "డాడీ, లెఫ్ట్‌ల సైకిల్." పాట పాడుతున్నంత మామూలుగా చెబుతోంది. ఆ మాట విన్న వెంటనే ఆంథోని చెయ్యి స్టీరింగును కుడికి తిప్పుతోంది. తల మాత్రం ఎడమకు తిరగడం లేదు. ఒకచోట జోజమ్మే తన వైపు గేదెను చూసి సీటు గట్టిగా పట్టుకుంది. ఆంథోని ఏదో సినిమా పాట ఈల వేసుకుంటూ తిన్నగా పోతున్నాడు. ఆరాధన కేక వేశాకే బండి పక్కకు జరిగింది.

జోజమ్మ దారంతా నోరు విప్పలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా కూర్చుంటే ఎవరికైనా భయమే. ఆంథోని ఈల మధ్యలోనే ఆగిపోయింది.

ఆఖరి ఊరు తునికిగుంపు. జనం దిగుతుంటే జోజమ్మ కూడా దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బండి ముందు నిలబడింది.

"ఆంథోనీ, దిగు."

"బండి తిప్పుకోవాలె అక్కా…"

"తిప్పుకుందువు గాని. రెండు నిమిషాల పని. మా డాక్టరమ్మ మిషనుకు ముందు చేతివేలితోని ఒక పరీక్ష చేస్తది. గదే చేస్త నీకు."

ఉప్పు బస్తా భుజానికెత్తుకున్న బొజ్జయ్య ఆగిపోయాడు. పూలి గంప కిందపెట్టింది. పరీక్ష అనేసరికి దిగినవాళ్ళలో ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు.

ఇంతమంది ముందు తప్పించుకుంటే పరువు పోతుందని ఆంథోనికి తెలుసు. "ఏం పరీక్షో ముందు పెద్దమనిషికి చెయ్యి," అని బొజ్జయ్యను ముందుకు తోశాడు.

బొజ్జయ్య వయసు ఎంతో ఆయనకే తెలియదు. జోజమ్మ ఆయన్ను తన ఎదురుగా మూరెడు దూరంలో నిలబెట్టింది. "తాతా, కుడికన్ను మూసుకో. ఎడమకన్నుతోని నా ముక్కును మాత్రమే చూడాలె. నా చెయ్యి పక్కనుంచి వస్తది. వేలు ఆడుతున్నట్టు అగుపిస్తే చెప్పు."

చెవి పక్క నుంచి వేలు ఇలా కదిలిందో లేదో బొజ్జయ్య "అగ్గో!" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. పూలి తానూ నిలబడతానంది. ఆమె కూడా అంతే జల్దీగా పట్టేసింది. ఇంకో ఇద్దరు వరుసలోకి వచ్చారు. కాసేపు అక్కడ జాతర లాగా అయింది. ఆ సందట్లో ఆంథోని మెల్లగా డ్రైవరు సీటు వైపు నడుస్తుంటే ఆరాధన వెళ్ళి తలుపుకు ఆనుకుని నిలబడింది.

"మీ టర్న్ డాడీ."

ఆంథోని వచ్చి నిలబడ్డాడు. కుడికన్ను మూసుకున్నాడు. జోజమ్మ చెయ్యి అతని ఎడమచెవి వెనకనుంచి కదిలింది.

"కనపడ్డది!" అన్నాడు వెంటనే.

మళ్ళీ చప్పట్లు. బొజ్జయ్య అతని వీపు తట్టాడు. జోజమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ వెంటనే "కనపడ్డది" అన్నాడు. మూడోసారీ అంతే. ఆంథోని మొహం వెలిగిపోతోంది. "చూసినవా? అనవసరంగ ఎండల పడి వచ్చినవు."

జోజమ్మ తన చేతి వంక చూసుకుంది. డజను గాజులున్నాయి. వేలు ఆడించినప్పుడల్లా అవి గలగలమంటున్నాయి.

ఆమె ఒక్కొక్క గాజూ తీసి పూలి చేతిలో పెట్టింది. పన్నెండూ తీసేదాకా ఆంథోని చూస్తూ నిలబడ్డాడు. ఆరో గాజు దగ్గరే అతని నవ్వు తగ్గిపోయింది.

"ఇప్పుడు నా ముక్కు చూడు."

చెయ్యి బయల్దేరింది. చెవి దాటింది. కణత దాటింది. ఆంథోని ఏమీ అనలేదు. వేలు అతని ముఖం ముందుకు వచ్చేసింది, ఇంకా ఆడుతూనే ఉంది. వేలు దాదాపు జోజమ్మ ముక్కు దగ్గరికి వచ్చాక, చాలా మెల్లగా, "ఆఁ… ఇప్పుడు," అన్నాడు.

బొజ్జయ్య తల దించుకున్నాడు. పూలి గాజులు చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

జోజమ్మ కేకలు వేస్తుందని ఆంథోని అనుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని పక్కనున్న మొద్దు మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

"ఎప్పటినుంచిరా?"

అతను లేచి వెళ్ళి సీటు కింద చెయ్యి పెట్టి, సామాన్ల డబ్బాలో నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీ ఉంది. జోజమ్మ విప్పి చూసింది. తన చీటీలో ఉన్న జబ్బు పేరే. కింద ఉన్న తారీఖు రెండేళ్ళ కిందటిది.

"నీకు తెలుసా!"

"తెలుసక్కా. భద్రాచలం పోయినప్పుడు చూపించుకున్న. నీకున్నదే నాకున్నదని చెప్పిన్రు. మూడు నెలలు మందేసిన. ఏస్తే మంట. ఏసినా గంతే, ఏయకపోయినా గంతే. ఏం తేడా తెల్వలే. నొప్పి లేదు, ఏం లేదు. లేని నొప్పికి మందేందని బంద్ పెట్టిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బండి నడపనిస్తవా? నాకు వచ్చిన పని ఇదొక్కటే. స్టీరింగు ఇడిస్తే నేనెవన్ని? ఇంట్ల కూసోని ఫ్లోరెన్స్‌కు ఉల్లిగడ్డలు కోసిచ్చుడా?" అతను బీడీ కోసం జేబు తడుముకుంటూ, "అది గుడ సక్కగ రాదు నాకు," అన్నాడు.

జోజమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇగో, ఇను. నాకు తెలిసిన మొదటేడు నేను గుడ ఏడ్చిన. టైలరుకు కన్ను పోతే ఏముందని దిండు తడిపిన. మందేస్తే పోయిన చూపు తిరిగొస్తదేమోనని రోజు పొద్దున లేచి గోడమీద క్యాలెండరు చూసేదాన్ని. రాలే. డాక్టరమ్మ మొహం మీదనే చెప్పింది, పోయింది రాదమ్మా, ఉన్నది పోకుండ పట్టుకునుడే మన పని అని. గప్పటి నుంచి పొద్దున ఏడింటికి చుక్క, పొద్దుమీకి ఏడింటికి చుక్క. అన్నం మర్శిన రోజున్నది గని, చుక్క మర్శిన రోజు లేదు. తేడా తెల్వదు అన్నవు గద? తేడా తెల్వకుండ ఉండుడేరా మందు పని! తేడా తెలిసిందంటే ఇంకింత పోయినట్టు."

ఆంథోని ఆ మాటకు తలెత్తి చూశాడు. రెండేళ్ళుగా ఎవరూ అతనికి ఆ ముక్క ఆ రకంగా చెప్పలేదు.

"ఇంక సంత జనం సంగతి. పదిమంది ప్రాణాలు నీ ఎనక కూసుంటున్నయి. ఎడమదిక్కు నీకు అగుపడదు. ఇయ్యాల గేదె. రేపు పూలి బిడ్డో మనుమడో అయితే?"

పూలి ఉలిక్కిపడింది. ఆంథోని ఆమె వంక చూడలేకపోయాడు. జేబులోంచి తాళాలు తీసి అక్క ఒళ్ళో పెట్టాడు. "నడప. పరీక్ష అయ్యేదాక నడప. సరేనా? గని ఇప్పుడు ఇంటికెట్ల పోదాం? ఇరవై కిలోమీటర్లు. నువ్వు నడుపుతవా?"

"నేను నడుపుత," అంది ఆరాధన.

అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల పర్సు తెరిచి, కొత్త లైసెన్సు తీసి తండ్రికి చూపించింది. ఫోటోలో కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది.

"ఎప్పుడు నేర్సుకున్నవే?"

"డిసెంబర్ల. రామ్‌చందర్ అంకుల్ డ్రైవింగ్ స్కూల్ల. మీరు ట్రిప్పుకు పోయినంక పోయేదాన్ని."

"మీ అమ్మకు తెలుసా?"

"అమ్మనే పంపింది డాడీ. రెండో అద్దం పగిలిన రోజే పంపింది."

ఇంత కాలం దాచానని ఆంథోని అనుకున్నదంతా ఇంట్లో అందరికీ తెలిసే ఉంది. అడవి చూడటానికి వచ్చిన పిల్ల ఒక్కరోజు కూడా అడవి వైపు చూడలేదు, ఎడమవైపు రోడ్డు చూస్తూ నిలబడింది. అతను తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. దుమ్ము ఎక్కువగా ఉందన్నాడు. ఎవరూ కాదనలేదు.

తిరుగు ప్రయాణంలో జీపు ఖాళీ. ఆరాధన నడుపుతుంటే ఆంథోని జన్మలో మొదటిసారి తన బండిలో ఎడమసీటులో కూర్చున్నాడు. వెనక కూర్చున్న జోజమ్మ ఆ దారంతా కడుపుబ్బ నవ్వింది. "క్లచ్చు మీద కాలు తియ్యి! గేరు మార్చు! అది గుంత, గుంత!" అని అతను అరుస్తూనే ఉన్నాడు. ఒకచోట ఆరాధన బ్రేకు వేసి ఆపింది.

"ఎందుకాపినవు? రోడ్డు ఖాళీ గద!"

"లెఫ్ట్‌ల మేకలు డాడీ."

ఆంథోని తల పూర్తిగా తిప్పి చూశాడు. ఏడెనిమిది మేకలు అతని మోచేతికి జానెడు దూరంలోంచి నింపాదిగా దాటిపోతున్నాయి. ఆ తరవాత ఇల్లు చేరేదాకా అతను క్లచ్చు గురించి మాట్లాడలేదు. ఆ సాయంత్రం చేపల కూర మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఫ్లోరెన్స్ అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మర్నాడు తెల్లవారేసరికే జోజమ్మ, ఆంథోని, ఆరాధన ముగ్గురూ ఖమ్మం బయల్దేరారు. తల్లాడలో ఆగి టీ తాగారు. పదిన్నరకల్లా కంటి దవాఖానాలో చీటీ రాయించుకుని కూర్చున్నారు. ఆంథోని కళ్ళలో ఒత్తిడి కొలిచారు. చీకటిగదిలో కూర్చోబెట్టి, మినుకుమినుకుమనే దీపాలు కనపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. బయటికి వచ్చి, "వీడియో గేము తీర్గ ఉంది, నేను ఓడిపోయిన," అన్నాడు.

డాక్టరు యాభై ఏళ్ళ మనిషి. మాట నెమ్మది, కానీ తీపి పూసి చెప్పే అలవాటు లేదు. కాగితం చూసి, "రెండేళ్ళు పోగొట్టుకున్నారు ఆంథోని గారూ," అంది. "ఎడమకంట్లో పక్కచూపు చాలావరకు పోయింది, అది తిరిగి రాదు. కుడికన్ను మాత్రం దాదాపు పూర్తిగా ఉంది. దాన్ని మీరు చచ్చేదాకా కాపాడుకోవచ్చు. రెండు పూటలా మందు, నెలకి ఒకసారి నా దగ్గరికి. ఒత్తిడి దిగాక నాలుగు నెలలకోసారి వస్తే చాలు. మంట పుడితే మందు మారుస్తాను, మీ అంతట మీరు ఆపకూడదు. జనాన్ని ఎక్కించుకుని బండి నడపడం మాత్రం ఇవాళ్టితో ఆఖరు."

ఆంథోని కుర్చీ అంచు పట్టుకున్నాడు. "మరి నేనేం చెయ్యాలె మేడమ్?"

డాక్టరు కంటే ముందు ఆరాధన అందుకుంది. "బండి మీదే డాడీ, ఓనరు మీరే. డ్రైవరును పెడదాం. జనాన్ని ఎక్కించుకునేతందుకు బ్యాడ్జి తెచ్చుకున్నంక నేనే నడుపుత. టిక్కెట్లు కొట్టుడు, జనంతోని లొల్లి పెట్టుకునుడు మీ పని."

"లొల్లి వీనికి బాగనే వస్తది," అంది జోజమ్మ. డాక్టరు కూడా నవ్వేసింది. ఆంథోని కూడా, కొంచెం ఆలస్యంగా, నవ్వాడు.

"చుక్క వేసుకోవడం నర్సు నేర్పుతుంది," అంటూ డాక్టరు బల్ల సొరుగు తెరవబోయి ఆగింది. "నర్సు ఎందుకు, ఆరేళ్ళ అనుభవం ఉన్న అక్కయ్యగారు ఇక్కడే ఉన్నారుగా. జోజమ్మ గారూ, ఈ ఉత్తనీళ్ళ సీసాతో మీ తమ్ముడికి మీరే చూపించండి."

జోజమ్మ మొహం దీపంలా వెలిగింది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఇగో, చూడరా తమ్మీ. తల ఇట్ల ఎనకకు వంచాలె. కింద రెప్ప లాగాలె, జేబు లెక్క అయితది. ఆ జేబుల చుక్క పడాలె. కన్ను మూసి ముక్కు పక్కన వేలితోని ఒత్తి పట్టాలె, నిమిషం రెండు నిమిషాలు." చెప్పినట్టే చేసింది. సీసా నొక్కింది. కన్ను మూసుకుని, ముక్కు పక్కన ఒత్తి, తృప్తిగా కూర్చుంది.

చుక్క ఆమె చెంప మీదినుంచి జారి రవికె మీద పడింది.

"ఇంకోసారి వెయ్యండమ్మా," అంది డాక్టరు.

రెండోసారి వెంట్రుకల మీద పడింది. సీసా పట్టుకున్న వేళ్ళు, ఏళ్ళ తరబడి కత్తెర పట్టి కణుపులు వాచిన వేళ్ళు, కుదురుగా నిలవడం లేదు. మూడోసారీ చెంప మీదికే జారింది. జోజమ్మకు మాత్రం చల్లగా తగిలింది కాబట్టి పడిందనే అనుకుంటోంది.

డాక్టరు ఆమె ఫైలు తెప్పించి పేజీలు తిప్పింది. "పోయిన ఏడాది పరీక్షకు మీరు రాలేదు."

"పెండ్లిళ్ళ సీజను మేడమ్. మందు ఎట్లయినా ఏస్తున్న గద అని…"

"ఇప్పుడే చేయిద్దాం."

తమ్ముడు కూర్చున్న కుర్చీలోనే జోజమ్మ కూర్చుంది. చీకటిగది తలుపు మూసుకుంది. బయట ఆంథోని, ఆరాధన గోడ గడియారం చూస్తూ గడిపారు. పరీక్ష చేసే అమ్మాయి కాగితం పట్టుకుని బయటికి వచ్చినప్పుడు ఆంథోని లేచి, "ఎట్లుందమ్మా?" అని అడిగాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా నిలువుగా ఎటూ కాకుండా ఊపి, తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళిపోయింది.

ముగ్గుర్నీ లోపలికి పిలిచారు.

"కుట్టుపని ఏముందమ్మా ఇప్పుడు మీ చేతిలో?" అని అడిగింది డాక్టరు.

"ఇరవై రెండు తెల్ల ఫ్రాకులు మేడమ్. ఈస్టరు అయినంక పిల్లలకు ప్రథమ దివ్యసత్ప్రసాదం, చర్చిల మొదటిసారి ప్రసాదం తీసుకునుడు. సగం గుడ కాలే."

"వాటిని ఇంకెవరికైనా అప్పగించండి. సోమవారం మీరు ఇక్కడ చేరాలి. చుక్కలు కంట్లో పడక ఒత్తిడి బాగా పెరిగింది, ఇక మందుతో ఆగదు, ఆపరేషను చెయ్యాలి."

జోజమ్మ చటుక్కున లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. "ఆ పిల్లలు ఏడాదంత ఎదురుచూసిన్రు. ఫ్రాకులు ఇచ్చినంక వస్త మేడమ్. మూడు వారాలు. నాకు నొప్పి లేదు, ఏం లేదు. బాగనే కనపడుతున్నది."

తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవినే పడి ఆమె ఆగింది. తలెత్తి చూస్తే ఆంథోని తలుపుకు అడ్డంగా, రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. అక్కకు అతను ఎదురుతిరగడం ఇదే మొదలు.

"జరుగురా."

"జరగ."

జోజమ్మ డాక్టరు వైపు తిరిగింది. "మూడు వారాలు ఆగితే ఏమైతది మేడమ్?"

డాక్టరు రెండేళ్ళ కిందటి కాగితం, ఇవాళ్టి కాగితం బల్ల మీద పక్కపక్కన పరిచి, దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది. చూపు పోయిన చోటును చూపే నలుపు పాతదానిలో అంచునే ఉంది, కొత్తదానిలో దాదాపు నడిమి దాకా వచ్చేసింది. ముందుగా అక్కడికి చేరిన ఆరాధన వాటిని చూసి, అత్త భుజం గట్టిగా పట్టుకుంది.